'సింగ్ ఎల్' పేరు వెనుక ఒక జన్యుశాస్త్రవేత్త: లాల్జీ సింగ్ ప్రచురణల రికార్డుపై కేస్ స్టడీ

పరిశోధకుడి ప్రచురణల రికార్డు తీయమంటే గూగుల్ స్కాలర్‌లో పేరు కొట్టి, తెర మీద కనబడిన హెచ్-ఇండెక్స్‌ను (పేపర్లనూ, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారన్నదాన్నీ కలిపి చూసే అంకెను) నివేదికలోకి ఎక్కించడం మామూలైపోయింది. డాక్టర్ లాల్జీ సింగ్ రికార్డు ఆ పద్ధతికి లొంగదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రానికి) 1998 నుంచి 2009 దాకా డైరెక్టర్, మన దేశంలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు ఆద్యుడు, 2004లో పద్మశ్రీ అందుకున్న మనిషి. డేటాబేస్‌లకు మాత్రం ఆయన ఒట్టి 'సింగ్ ఎల్'. లక్ష్మణ్, లలిత, లోకేంద్ర, ఎవరైనా సరే, పేరు 'ల'తో మొదలై సింగ్‌తో ముగిస్తే అదే ఖాతాలో పడతారు. దానికి తోడు ఆయన పని పాముల క్రోమోజోములతో మొదలై, ఎలుకల లింగ మార్పిడి మీదుగా, నేర పరిశోధన, జనాభా జన్యుశాస్త్రం దాకా సాగింది. ఈ నాలుగు రంగాల్లో సైటేషన్ల (ఒక పేపర్‌ను ఇతర పేపర్లు ఉదహరించడం) అలవాటు ఒక్క తీరుగా ఉండదు. అందుకే ప్రచురణల మూల్యాంకనం నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి కేసు దొరకడం కష్టం.

ముందు జీవిత పట్టిక, తర్వాతే వెతుకులాట

డేటాబేస్ తెరవకముందే ఏ ఏడాది, ఏ ఊరు, ఏ సంస్థ అన్నది ఒక కాగితం మీద రాసుకోవాలి. లాల్జీ సింగ్ 1947 జులై 5న ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా కల్వారీలో పుట్టారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎస్.పి. రాయ్‌చౌధురి దగ్గర పాముల క్రోమోజోముల మీద పనిచేసి 1971లో పీహెచ్‌డీ పొందారు. 1974లో కామన్‌వెల్త్ ఫెలోషిప్ మీద ఎడిన్‌బరో వెళ్ళి కె.డబ్ల్యూ. జోన్స్‌తో కలిసి పనిచేశారు. 1987లో సీసీఎంబీకి వచ్చారు. 2011 నుంచి 2014 దాకా బీహెచ్‌యూ వైస్ చాన్సలర్. 2017 డిసెంబర్ 10న కన్నుమూశారు.

జల్లెడ ఈ పట్టికే. 1979 నాటి 'సింగ్ ఎల్' పేపర్ ఒకటి పంజాబ్ నుంచి గోధుమ వంగడాల మీద వచ్చి ఉంటే, ఆ ఏడాది మన శాస్త్రవేత్త ఎడిన్‌బరోలో ఉన్నారు కాబట్టి దాన్ని పక్కన పెట్టేయవచ్చు. పట్టిక లేకుండా పేపర్ల శీర్షికలు చూసి ఊహించేవాళ్ళు రెండు వైపులా దెబ్బతింటారు. 'పాములు' అని ఉన్నది ఆయనదేనని వేసుకుంటారు, 'ఎలుక' అని ఉన్నది ఆయనది కాదని తీసేస్తారు.

వెతికేటప్పుడు వైద్య, జీవశాస్త్ర పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్ పరిమితులు ముందే తెలిసి ఉండాలి. అక్కడ రచయితల పూర్తి పేర్లు 2002 నుంచే ఎక్కాయి. అంతకు ముందువన్నీ ఇంటిపేరు, పొడి అక్షరాలే. సంస్థ చిరునామా 1988 నుంచి మొదలైంది, అదీ మొదటి రచయితది మాత్రమే. అందరి చిరునామాలూ రావడం 2014 దగ్గర్లో మొదలైంది. అంటే ఎడిన్‌బరో పేపర్లను 'సింగ్ ఎల్', 'ఎడిన్‌బరో' అని కలిపి వెతికితే ఒక్కటీ దొరకదు. ఆయన చివరి రచయితగా ఉన్న పాత సీసీఎంబీ పేపర్లకు కూడా, మొదటి రచయిత సీసీఎంబీలో ఉంటేనే చిరునామా పనికొస్తుంది. కాబట్టి 1988కి ముందు సహ రచయితల పేర్లతో (జోన్స్ కె.డబ్ల్యూ., పర్డమ్ ఐ.ఎఫ్., రాయ్‌చౌధురి ఎస్.పి.), 1988 నుంచి 2013 దాకా సహ రచయిత లేదా చిరునామాతో, ఆ తర్వాత చిరునామాతో వెతకాలి. ఒకే ప్రశ్నతో మొత్తం కెరీర్ లాగేద్దామనుకుంటే పని సగంలో ఆగుతుంది.

చిరునామాలో ఇంకో చిక్కు కూడా ఉంది. సీసీఎంబీ పేరు పూర్తిగా ఒకచోట, పొడి అక్షరాల్లో ఒకచోట, 'ఉప్పల్ రోడ్' అని ఒకచోట, 'సీఎస్ఐఆర్' ముందు తగిలించి ఇంకోచోట ఉంటుంది. చివరి సంవత్సరాల్లో బీహెచ్‌యూ, ఆయన స్థాపించిన జీనోమ్ ఫౌండేషన్ కూడా కలుస్తాయి. ఈ రూపాలన్నీ 'లేదా' అని కలిపి ఒకే వరుసలో పెట్టాలి.

సహ రచయితల పట్టీని నమ్ముకున్నా కళ్ళు తెరుచుకునే ఉండాలి. 2005లో సైన్స్ పత్రికలో అండమాన్ వాసుల మూలాలపై వచ్చిన పేపర్ రచయితల వరుసలో ఇద్దరు సింగ్‌లున్నారు. ఆరో పేరు దగ్గర ఆగిపోకుండా చివరిదాకా చదివితేనే వి.కె. సింగ్ ఒకరు, ఎల్. సింగ్ వేరొకరు అని తెలుస్తుంది. యంత్రం ఇంటిపేరు మీదే జత చేస్తే ఒకరి ఖాతా మరొకరిలో కలిసిపోతుంది. తెలుగువాళ్ళకు ఇదే జబ్బు ఇంకో రూపంలో తగులుతుంది. మనం ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు రాస్తాం, డేటాబేస్ మాత్రం చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటుంది. అలా రావులు, రెడ్డిలు, శ్రీనివాసులు వందల మంది ఒకే ఐడీ కింద చేరతారు. ఇప్పుడు పనిచేస్తున్న పరిశోధకులు ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే పదహారు అంకెల ఆర్కిడ్ ఐడీతో దీన్ని తప్పించుకోవచ్చు. ఆర్కిడ్ మొదలైంది 2012లో. లాల్జీ సింగ్ పనిలో ఎక్కువ భాగం అప్పటికే అచ్చయిపోయింది, ఇప్పుడు ఆయన వచ్చి 'ఇది నాది' అని చెప్పుకోలేరు. ఇలాంటి కేసుల్లో స్కోపస్ అనే సైటేషన్ల డేటాబేస్‌లో చీలిపోయిన రచయిత ఐడీలన్నీ రాసుకుని, వాళ్ళ ఫీడ్‌బ్యాక్ ఫారం ద్వారా కలపమని కోరాలి. అవి కలిసేదాకా అన్ని ఐడీలనూ ఎంచుకుని లెక్క వేసుకోవాలి.

నకళ్ళు ఏరడం మామూలు పనే. డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే దానితో, లేకపోతే పత్రిక, సంపుటి, మొదటి పేజీ సంఖ్యతో సరిపోల్చాలి. శీర్షికతో మాత్రం వద్దు. ఆయన బృందం పేపర్లలో 'లింగ క్రోమోజోములు', 'సంరక్షిత క్రమాలు' లాంటి మాటలే శీర్షికల్లో మళ్ళీ మళ్ళీ వస్తాయి. వేర్వేరు పేపర్లు నకళ్ళుగా కనబడి ఎగిరిపోతాయి.

పేపర్లను చేతిలోకి తీసుకుని చూస్తే

శుభ్రమైన జాబితా వచ్చాక అంకెలవైపు పరిగెత్తకుండా దశకు ఒకటో రెండో పేపర్లు తెరిచి చదవాలి. రికార్డు స్వభావం అక్కడే బయటపడుతుంది.

1972లో క్రోమోసోమా పత్రికలో, పాముల క్రోమోజోముల పరిణామంపై ఆయన ఒక్కరి పేరుతో వచ్చిన వ్యాసం 38వ సంపుటిలో 185వ పేజీ నుంచి 236వ పేజీ దాకా ఉంది. 52 పేజీలు, ఒక్క రచయిత. 2005 నాటి సైన్స్ పేపర్ ఒక్క పేజీ, ఏడుగురు రచయితలు. పేపర్ల సంఖ్య లెక్కలో రెండూ 'ఒకటి' కిందే పడతాయి. ఈ ఒక్క పోలిక చాలు, సంఖ్యను మాత్రమే అడిగే ఫారాలు ఎంత పైపైన చూస్తాయో తెలియడానికి.

ఎడిన్‌బరో దశకు పునాది 1976 నాటి క్రోమోసోమా పేపర్. ఆ వరుస పనిలోనే పసుపు, నలుపు పట్టీలుండే కట్లపాము డీఎన్ఏ నుంచి ఒక చిన్న ఉపగ్రహ డీఎన్ఏ (ఒకే క్రమం పదే పదే వచ్చే డీఎన్ఏ) భాగాన్ని వేరు చేశారు. దానికే బీకేఎం (బ్యాండెడ్ క్రెయిట్ మైనర్) అని పేరు. పాముల్లో ఆడదానికి జడ్, డబ్ల్యూ అని రెండు రకాల లింగ క్రోమోజోములుంటాయి. ఈ బీకేఎం డబ్ల్యూ మీద పోగుపడి కనిపించింది. అందులో జీఏటీఏ అనే నాలుగక్షరాల వరుస పదే పదే వస్తుందని తర్వాత తేలింది. 1982లో సెల్ పత్రికలో సింగ్, జోన్స్ ఇద్దరే రాసిన పేపర్ ఈ బీకేఎంనే ప్రోబ్‌గా (తనకు సరిపోలే డీఎన్ఏను పట్టిచ్చే ముక్కగా) ఎలుకల మీదికి మళ్ళించింది. ఆడవాటిలా రెండు ఎక్స్ క్రోమోజోములు (ఎక్స్ఎక్స్) ఉన్నా వృషణాలతో పుట్టే ఎస్ఎక్స్ఆర్ అనే రకం ఎలుకల్లో, వై క్రోమోజోము ముక్క ఒకటి ఎక్స్ మీదికి చేరుతోందని చూపించింది. అదే ఏడాది మరో బృందం క్రోమోజోములను సూక్ష్మదర్శినిలో చూసి అదే నిర్ధారణకు వచ్చింది. ఇలా ఒకే ఆవిష్కరణ రెండు పేపర్లలో వచ్చినప్పుడు తర్వాతివాళ్ళు ఒకదాన్నో రెండిటినో ఉదహరిస్తారు. సైటేషన్లు చీలతాయి. పక్క పేపర్ అంకె కూడా పెట్టుకుని చూస్తే తప్ప ఆ ఆవిష్కరణ బరువు తెలియదు.

హైదరాబాద్ వచ్చాక అదే బీకేఎం నుంచి వచ్చిన 2(8) అనే ప్రోబ్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు పనిముట్టు అయింది. జనాభా జన్యుశాస్త్రం దశ ఆ తర్వాతిది. 2009 సెప్టెంబర్‌లో నేచర్‌లో వచ్చిన పేపర్ 25 సముదాయాలకు చెందిన 132 మంది డీఎన్ఏలో 560,123 చోట్ల తేడాలు చదివి, భారతీయుల్లో ఎక్కువ సముదాయాలు ఉత్తరాది, దక్షిణాది అని పేరు పెట్టిన రెండు ప్రాచీన మూలాల కలయిక అని చూపింది. మాల, మాదిగ, వెలమ, వైశ్య, కంసాలి, చెంచు సముదాయాల నమూనాలు ఆ 25లో ఉన్నాయి. తెలుగు నేల నుంచి ఇంత పెద్ద వాటా ఉండటానికి కారణం, నమూనాలు సేకరించిన సంస్థ హైదరాబాద్‌లో ఉండటం కావచ్చు. 2013లో అమెరికన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్‌లో వచ్చిన పేపర్ 73 సముదాయాలకు విస్తరించి, ఆ కలయిక సుమారు 1,900 నుంచి 4,200 ఏళ్ళ కిందట జరిగిందని కాలం కట్టింది.

వంతుల లెక్క

హెచ్-ఇండెక్స్ 2005లో వచ్చింది. పేపర్లను సైటేషన్ల వరుసలో పేర్చి, వరుస సంఖ్య సైటేషన్లను దాటకుండా ఎక్కడిదాకా పోతే అక్కడ ఆగడం. ఐదు పేపర్లకు 40, 12, 6, 4, 2 సైటేషన్లుంటే హెచ్ నాలుగు. ఆ 40 కాస్తా 4,000 అయినా నాలుగే. ఎన్ని పెద్ద పేపర్లున్నాయన్నది అది చెబుతుంది, ఎంత పెద్దవన్నది చెప్పదు. అందులో తన వంతు ఎంత అన్నది అసలే చెప్పదు.

వంతు చూడాలంటే పేపర్‌ను రచయితల సంఖ్యతో భాగించాలి. 1972 వ్యాసానికి 1. 1982 సెల్ పేపర్‌కు 0.5. 2005 సైన్స్‌కు 0.14. ఐదుగురు రాసిన 2009 నేచర్‌కు 0.2. తొమ్మిదిమంది రాసిన 2013 పేపర్‌కు 0.11. గుండె కండర జబ్బుపై 2009లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన పేపర్‌కు రచయితలు పాతికమంది, వంతు 0.04. ఈ వరుసను ఒక్కసారి చూస్తే ఆయన కెరీర్‌తో పాటు జన్యుశాస్త్రమే ఒంటరి పని నుంచి బృంద యజ్ఞంగా మారిన తీరు కనబడుతుంది. అంతమాత్రాన 0.04ని చిన్నదిగా చూడటం తప్పు. రోగులను చూసే కార్డియాలజిస్టులు, నమూనాలు తెచ్చేవాళ్ళు, గణాంకాలు వేసేవాళ్ళు కలవకుండా అలాంటి పేపర్ పుట్టదు. వంతుల లెక్క పూర్తి లెక్కకు బదులు కాదు. రెండూ పక్కపక్కన పెట్టాలి.

జీవశాస్త్రంలో మొదటి స్థానం పని చేసినవారిది, చివరి స్థానం ప్రయోగశాల పెద్దది అన్న ఆనవాయితీ ఉంది. 2005, 2009 నేచర్, 2013 పేపర్లలో లాల్జీ సింగ్ చివర ఉన్నారు. కానీ అండమాన్ వాసులపై 2003లో కరెంట్ బయాలజీలో వచ్చిన పేపర్‌లో ఆయన రెండో రచయిత. నేచర్ జెనెటిక్స్ పేపర్‌లో చివరి పేరు ఆయన దీర్ఘకాల సహ రచయిత కె. తంగరాజ్‌ది. అంటే 'సంస్థ డైరెక్టర్ కాబట్టి ప్రతిదానికీ చివర ఉంటారు' అని స్థానాన్ని ఊహించి నింపేస్తే రికార్డు తప్పుతుంది. డైరెక్టర్‌గా ఉన్న ఏళ్ళలోని ప్రతి పేపర్‌కూ రచయితల వరుసను అసలు పీడీఎఫ్ చూసి ఎక్కించాలి. ఎవరు ఏం చేశారో తెలిపే ప్రకటన ఉంటే అదీ రాసుకోవాలి. నేచర్ 2009లో దాన్ని తప్పనిసరి చేసింది. పాత పేపర్లకు ఈ సౌకర్యం ఉండదు.

రంగం, కాలం తేడాలను సరిచేసే సూచీలున్నాయి కదా అని అడగవచ్చు. ఉన్నాయి, వాటి కిటికీలు ఇరుకు. స్కోపస్ వారి ఎఫ్‌డబ్ల్యూసీఐ ఒక పేపర్‌కు అచ్చయిన ఏడాది, ఆ తర్వాతి మూడేళ్ళలో వచ్చిన సైటేషన్లను, అదే రంగం, అదే ఏడాది, అదే తరహా పేపర్ల సగటుతో పోలుస్తుంది. 1 వస్తే సగటు. స్కోపస్ డేటాతో నడిచే సైవాల్ అనే విశ్లేషణ పనిముట్టులో ఈ లెక్క 1996 నుంచే దొరుకుతుంది. బనారస్, ఎడిన్‌బరో దశలు మొత్తం దానికి బయటే ఉండిపోతాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ వారి ఇలాంటి సూచీ ఆర్‌సీఆర్ 1980 నుంచి ఉంది కాబట్టి 1982 సెల్ పేపర్‌కు దొరుకుతుంది, 1976కు దొరకదు. ఖాళీగా ఉన్న గడిలో సున్నా వేసి సగటు తీయడం ఈ పనిలో తరచూ జరిగే ఘోరమైన తప్పు. ఆ గడిలో 'లెక్క లేదు' అని రాయాలి.

ఎందుకు ఉదహరించారు?

బీకేఎం కథ చూడండి. 1980 దశకం మొదట్లో ఈ వరుసకు లింగ నిర్ధారణలో పాత్ర ఉందని ఆశించారు. 1990లో వై క్రోమోజోము మీది ఎస్ఆర్‌వై జన్యువు బయటపడ్డాక ఆ ఆశ నిలవలేదు. లింగ నిర్ధారణ జన్యువు కోసం వెతికేవాళ్ళకు బీకేఎం పాత సంగతైపోయింది. అయితే పక్షులు, సరీసృపాల లింగ క్రోమోజోములను చదివేవాళ్ళు దాన్ని మళ్ళీ తీశారు. కోడి, పాముల లింగ క్రోమోజోములు ఒకే పుట్టుకవి కాకపోయినా వాటి డబ్ల్యూల మీద ఇలాంటి పునరావృత క్రమాలు ఉమ్మడిగా ఉన్నాయని 2010లో ఒక అధ్యయనం చూపింది. నాలుగేళ్ళ కిటికీ ఉన్న ఏ సూచీకీ ఈ రెండో జీవితం అందదు. ఏడాదివారీ సైటేషన్ల గ్రాఫ్ గీసి, 1990కి అటూ ఇటూ ఉదహరించిన పత్రికల పేర్లు చూస్తే చేతికందినంత స్పష్టంగా కనబడుతుంది.

గుండె జబ్బు పేపర్‌ది ఇంకో పాఠం. ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన రకం దక్షిణాసియా జనాభాలో సుమారు 4 శాతం మందిలో ఉందని, ఉన్నవాళ్ళకు గుండె వైఫల్యం ముప్పు దాదాపు ఏడు రెట్లని ఆ పేపర్ చెప్పింది. ఎంతో విలువైన పని, ఎందరో దాన్ని పట్టుకుని ముందుకు పోయారు. 2020లో వచ్చిన పునఃపరిశీలన ఒకటి, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి (గుండె కండరం మందమయ్యే జబ్బు) విషయంలో ముప్పు ఆ 25 అక్షరాల లోపానిది కాదని, దానితో పాటు అదే క్రోమోజోము మీద కొందరిలో కలిసి వచ్చే మరో అరుదైన మార్పుదని తేల్చింది. డేటాబేస్‌కు ఈ పునఃపరిశీలన కూడా ఒక సైటేషనే, మొదటి పేపర్ అంకె ఒకటి పెరుగుతుంది.

కాబట్టి ఎక్కువగా ఉదహరించిన పేపర్లకు, ఉదహరించిన పేపర్లలో నమూనాగా కొన్ని తీసి, ఆ వాక్యం చదవాలి. పద్ధతిని వాడుకున్నారా, నేపథ్యంగా చెప్పారా, సమర్థించారా, సవరించారా అని నాలుగు గడుల్లో వేయాలి. ఇద్దరు విడివిడిగా వేసి, తేడా వచ్చినవి కూర్చుని తేల్చుకోవాలి. ఒక్కరే వేస్తే 'నేపథ్యం' గడి ఊబిలా అన్నిటినీ మింగేస్తుంది.

డేటాబేస్‌లో లేని ప్రభావం

లాల్జీ సింగ్ పేరు పత్రికల కంటే న్యాయస్థానాల్లో ఎక్కువ వినబడింది. కేరళ తలశ్శేరి పితృత్వ వివాదం మొదలు రాజీవ్ గాంధీ హత్య కేసు, ఢిల్లీ నైనా సాహ్ని కేసు దాకా హైదరాబాద్ డీఎన్ఏ పరీక్షలు సాక్ష్యమయ్యాయి. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు విడిగా సీడీఎఫ్‌డీ అనే జాతీయ సంస్థే వెలిసింది. కోర్టు తీర్పు స్కోపస్‌లో సైటేషన్ కాదు. దీన్ని రికార్డులోకి తేవాలంటే తీర్పుల వెబ్‌సైట్లలో ఆయన పేరుతో, సంస్థ పేరుతో విడివిడిగా వెతికి, తీర్పు తేదీ, కోర్టు, డీఎన్ఏ సాక్ష్యం గురించిన పేరా సంఖ్య రాసుకోవాలి. ఇక్కడా ఆ పేరుతో వేరేవాళ్ళు ఉంటారు. 'లాల్జీ సింగ్' అన్న నిందితులూ, వాదులూ తగులుతారు. పక్కన 'డీఎన్ఏ' అని చేరిస్తేనే జల్లెడ పనిచేస్తుంది.

వన్యప్రాణుల విషయంలో ఎస్.కె. వర్మతో కలిసి 2003లో మాలిక్యులర్ ఎకాలజీ నోట్స్‌లో ప్రచురించిన పేపర్ చిన్నది. ఎంసీబీ398, ఎంసీబీ869 అనే ప్రైమర్ జతతో (కావలసిన చోట డీఎన్ఏ నకళ్ళు తీయడం మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలతో) సైటోక్రోమ్-బి జన్యువు ముక్కను పెంచి, చర్మమో మాంసమో ఏ జంతువుదో చెప్పే పద్ధతి అది. వేట కేసుల్లో దీన్ని వాడిన ప్రయోగశాల నివేదికలు ఫైళ్ళలోనే ఉండిపోతాయి. పేపర్లను వెతికేటప్పుడు శీర్షికతో పాటు ఈ రెండు ప్రైమర్ల పేర్లను కూడా పూర్తి పాఠంలో వెతకాలి. చాలామంది ప్రైమర్ పేరు రాసి, మూలాన్ని ఉదహరించడం మరిచిపోతారు.

వైద్యంలో ప్రభావానికి తెలుగువాళ్ళకు బాగా దగ్గరి ఉదాహరణ వైశ్య సముదాయంది. 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన, లాల్జీ సింగ్ కూడా సహ రచయితగా ఉన్న పేపర్ 263 దక్షిణాసియా సముదాయాలను పరిశీలించి, 81 సముదాయాల్లో కొద్దిమంది పూర్వీకుల నుంచే జనాభా పెరిగిన ముద్ర ఫిన్లాండ్ వాసులు, అష్కెనాజీ యూదుల కంటే బలంగా ఉందని చూపింది. వైశ్యుల్లో బ్యూటిరైల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైమ్ లోపం ఎక్కువగా కనబడటం అలాంటి చరిత్ర ఫలితమే. ఈ లోపమున్నవారికి మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు వాడితే కొన్ని నిమిషాల్లో తీరిపోవాల్సిన కండరాల సడలింపు గంటల తరబడి ఉండిపోతుంది, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. ఈ విషయం తెలిసి ముందే కుటుంబ చరిత్ర అడిగే మత్తు డాక్టరు ఏ పేపర్‌నూ ఉదహరించరు. దీన్ని నివేదికలో అంకెగా పెట్టలేం. మత్తువైద్య మార్గదర్శకాల్లో, పాఠ్య పుస్తకాల్లో ఈ ప్రస్తావన ఎక్కడుందో చూపగలం.

నివేదిక రాసేటప్పుడు

ప్రతి అంకె పక్కనా డేటాబేస్ పేరు, వెతికిన తేదీ ఉండాలి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లను, అచ్చుకాని పత్రాలను కూడా లెక్కిస్తుంది కాబట్టి దాని అంకె ఎప్పుడూ పెద్దది. దాన్ని స్కోపస్ అంకెతో కలిపి ఒకే గ్రాఫ్‌లో గీయకూడదు. స్వీయ సైటేషన్లు తీసేటప్పుడు ఒక చిక్కు ఉంది. స్కోపస్‌లో ఆ మీట నొక్కితే ఎంచుకున్న ఐడీవే పోతాయి. ఐడీ రెండుగా చీలి ఉంటే, రెండో ఐడీ కిందున్న ఆయన సొంత పేపర్ల సైటేషన్లు ఇతరులవిగా నిలిచిపోతాయి. అందుకే ఐడీలు కలిపాకే ఈ లెక్క తీయాలి. సహ రచయితల సైటేషన్లు కూడా తీసేశారో లేదో విడిగా చెప్పాలి. తంగరాజ్, సింగ్‌ల లాంటి దీర్ఘకాల జంటకు ఈ రెండు లెక్కల మధ్య దూరం చాలా ఉంటుంది.

జాబితాతో పాటు తీసేసిన పేపర్ల జాబితా కూడా భద్రపరచాలి, ఒక్కోదాని పక్కన కారణం రాసి: 'ఊరు సరిపోలేదు', 'సహ రచయితలెవరూ కలవలేదు', 'వి.కె. సింగ్‌ది'. ఆరు నెలల తర్వాత ఎవరో ఒక పేపర్ చూపించి ఇది ఎందుకు వదిలేశారని అడిగినప్పుడు జవాబు ఆ రెండో జాబితాలోనే దొరుకుతుంది.